జంతికకి ఆకలి వేయాలి

ముప్ఫై ఒకటో రోజు కూడా జంతిక నోరు తెరవలేదు.

జంతిక అంటే మా అమ్మాయి ఉజ్వల పెంచుకుంటున్న పాముపిల్ల. జానెడు పొడవు, ఆరు గ్రాముల బరువు, నారింజ రంగు ఒంటి మీద ఎర్రటి మచ్చలు. విషం లేని విదేశీ జాతి. చుట్టచుట్టుకుని పడుకుంటే అప్పుడే నూనెలోంచి తీసిన జంతికలా ఉందని ఉజ్వలే ఆ పేరు పెట్టింది. మా ల్యాబులో ఎనిమిది గుడ్లు పొదిగితే ఏడు పిల్లలు పదో రోజుకల్లా తిండికి అలవాటు పడ్డాయి. ఈ ఎనిమిదోది గుడ్డులోంచి వచ్చి నెల దాటినా ఏమీ ముట్టలేదు. తినని పిల్ల ప్రయోగాలకి పనికిరాదని పక్కన పెట్టేస్తే, ఉజ్వల అడిగి మరీ ఇంటికి తెచ్చుకుంది.

"దానికీ నాలాగే ఆకలి వెయ్యట్లేదమ్మా. మేమిద్దరం ఒక జట్టు" అంది.

నాకు అప్పుడే ఒళ్ళు మండింది. కానీ తొమ్మిదేళ్ళ పిల్ల, పదహారున్నర కిలోల పిల్ల ఏదైనా అడిగితే కాదనే ధైర్యం నాకు లేదు.

ఆ గురువారం సాయంత్రం పట్టకారుతో ఎలుకపిల్లను పట్టుకుని జంతిక మూతి ముందు ఆడిస్తూ కూర్చున్నాను. ఇంకా కళ్ళు తెరవని ఎలుకపిల్ల, చిటికెన వేలి చివరి కణుపంత. ల్యాబు ఫ్రిజ్‌లోంచి తెచ్చి, గోరువెచ్చని నీళ్ళలో ఉంచి తీశాను. జంతిక నాలుక ఒకసారి బయటికి చాపి, తల వెనక్కి లాక్కుని, అట్టముక్క కిందికి దూరిపోయింది. పక్కనే ఉజ్వల ముందు నెయ్యి వేసి కలిపిన పప్పన్నం ఉంది. చెంచా తీసి కింద పెట్టేసింది.

"అది తిన్న రోజే నేనూ తింటానన్నాను కదమ్మా."

ఇది మారాం అనుకునేవాళ్ళు మా బంధువుల్లో చాలామంది ఉన్నారు. ఒక్కపూట పస్తుంచితే అదే తింటుంది అన్నారు. ఉంచాం. ఒక పూట కాదు, రెండు రోజులు. మూడోరోజు పొద్దున బాత్రూం దగ్గర పడిపోయింది కానీ అన్నం మాత్రం అడగలేదు. ఏడు నెలల క్రితం మెదడుకి పాకిన జ్వరం తగ్గిపోతూ దాని ఆకలిని కూడా పట్టుకుపోయింది. ముక్కులోంచి గొట్టం వేస్తే రెండుసార్లు రక్తం కారింది. చివరికి డాక్టరుగారు తేల్చి చెప్పారు. సోమవారం పొద్దుటికి నోటితో తినడం మొదలుపెట్టకపోతే మత్తిచ్చి, పొట్టకి రంధ్రం చేసి గొట్టం అమర్చాలి. అంత నీరసంగా ఉన్న గుండె ఆ మత్తుకి తట్టుకుంటుందో లేదో తాను హామీ ఇవ్వలేనన్నారు. అంటే మాకు మూడు రోజులు మిగిలాయి.

దీపాలు పెట్టే వేళకి మా ఆయన రాజగోపాల్ గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని వచ్చారు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనిషి. ఆ నోటితోనే "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అని గొణుక్కుంటూ పిల్లకి మూడు చుట్లు తిప్పారు.

"జంతికకి కూడా తియ్యి నాన్నా. అపార్ట్‌మెంట్‌లో అందరూ వచ్చి చూసి వెళ్తున్నారుగా."

ఆయన పాము పెట్టె మీద కూడా మూడు చుట్లు తిప్పి, మిరపకాయలు నిప్పుల మీద వేశారు. పైగా ఇంత సాంబ్రాణి. గదంతా పొగ. నేను దగ్గుతూ కిటికీ తెరిచాను. రోజూ జరిగే తంతే ఇది. నవ్వుకుంటూ ఊరుకునేదాన్ని, ఆ రోజు నవ్వు రాలేదు.

*

రాజమండ్రి దాటాక కోరుకొండ రోడ్డులో మా ల్యాబు. అక్కడ జంతువుల గదికి అబ్బులు గారు పెద్ద. ముప్ఫై ఏళ్ళుగా పాముల్ని సాకుతున్నారు. శుక్రవారం పొద్దున పెట్టె తీసుకెళ్ళి ఇస్తే, మూత తీసి వాసన చూసి మొహం చిట్లించారు.

"ఇదేంటండీ మేడంగారూ, మిరపకాయ కంపు కొడతంది?"

దిష్టి సంగతి చెప్పాను. చెప్పడానికి సిగ్గేసింది.

"పాముకి దిష్టి తీశారాండి" అన్నారాయన. నవ్వలేదు. "ఇది ముక్కుతో కాదండి, నాలికతో వాసన పట్టుద్ది. రోజూ నాలిక మీద మిరపకాయ పొగ పెడితే ఏం తింటాదండీ? సరే, రోజుకెన్నిసార్లు తీసి చూత్తన్నారు?"

లెక్కేసుకున్నాను. పొద్దున తూకం. మూడుపూటలా తిండి ప్రయత్నం. ఉజ్వల స్నేహితులు, పక్కింటివాళ్ళు. "పదిసార్లుంటుందేమో."

"మిమ్మల్ని రోజుకి పదిసార్లు ఎత్తి తూకం ఏత్తే మీరు తింటారాండి? బెదిరిపోయుందండి ఇది. ఆకలి లేక కాదు."

ఆయన తమలపాకుల డబ్బా అంత చిన్న డబ్బా తీసుకున్నారు. గాలికి రెండు బెజ్జాలు పొడిచి, ఎండాకులు పరిచి, ఒక చివర వెచ్చగా ఉండేలా దీపం పక్కన పెట్టారు. గోడ మీది బల్లిని ఒడుపుగా పట్టుకుని, దాని ఒంటికి ఎలుకపిల్లను నాలుగుసార్లు రుద్ది, బల్లిని వదిలేశారు. పుట్టిన కొత్తలో ఈ జాతి బల్లిపిల్లల్నే తింటుందట, ఆ వాసన తగిలితే తిండి అని గుర్తుపడుతుందట. పాముని, ఎలుకపిల్లని డబ్బాలో పెట్టి మూత బిగించారు.

"ఆదివారం సాయంత్రం దాకా ఈ మూత తియ్యకండి. మండపేటలో మా మనవరాలి ఓణీల ఫంక్షనుందండి. అది చూసుకుని నే వచ్చేత్తాను. నే వచ్చేదాకా కన్ను కూడా పెట్టకండి."

"అప్పటికీ తినకపోతే?"

"తింటాదండి. దాని మానాన దాన్ని వదిలెయ్యాలి, అంతే. మనకే ఓపికుండదు."

ఓపికట. సోమవారం పొద్దున నా కూతురు ఆపరేషన్ బల్ల మీద ఉంటుంది, ఈయన నాకు ఓపిక గురించి చెబుతున్నాడు అనుకున్నాను. పైకి మాత్రం సరేనన్నాను.

*

మా ల్యాబు కట్టిన యంత్రం గురించి చెప్పాలి. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. దానికి రెండు పట్టీలు. ఒక పట్టీ ఒకరి మెడకి, ఇంకో పట్టీ ఇంకొకరికి. ఒక ఒంట్లోని ఆకలిని చదివి ఇంకో ఒంట్లో రాస్తుంది. విడిగా చేత్తో పట్టుకునే చిన్న తెర మీద సున్నా నుంచి వంద దాకా అంకెల్లో చూపిస్తుంది కూడా. భోజనం వేళకి మామూలు మనిషికి నలభై, యాభై ఉంటుంది. ఉజ్వలకి ఐదుసార్లు చూశాం. డాక్టర్లు, మేము, ల్యాబు వాళ్ళు చుట్టూ నిలబడి ఊపిరి బిగపట్టి చూశాం. ఐదుసార్లూ సున్నాయే.

అసలు చిక్కేమిటంటే, ఊరికే అంకె చూస్తే ఏమీ కాదు కానీ, మీట నొక్కితే రాసిన చోట ఆకలి పుడుతుంది, చదివిన చోట చెరిగిపోతుంది. ఎందుకో మాకు ఇప్పటికీ తెలియదు. ఆకలిని మేము తయారు చెయ్యలేకపోయాం. ఒకరి దగ్గర తీసి ఇంకొకరికి పెట్టడమే మా చేతనైంది.

నా పక్క బల్ల సుదర్శనం అలా ఇచ్చిన ముగ్గురిలో ఒకడు. ఒక ముసలాయనకి ఇచ్చాడు. ఆ పెద్దమనిషి ఇప్పుడు పెసరట్టు మీద పెసరట్టు తింటున్నాడు. సుదర్శనం మాత్రం ఎనిమిది నెలలుగా ఫోనులో అలారం పెట్టుకుని, మందు మింగినట్టు అన్నం మింగుతున్నాడు. పద్నాలుగు కిలోలు తగ్గాడు. మనుషుల మీద ప్రయోగాలు ఆపమని కమిటీ చెప్పేసింది. పిల్లల సంగతైతే అసలు ఎత్తొద్దంది. కూన ఎలుకలకి పెద్ద ఎలుకల ఆకలి ఇస్తే, పొట్ట పగిలేదాకా తిని చచ్చిపోయాయి.

శనివారం యంత్రం ఉన్న బీరువా తాళం నా దగ్గరే ఉందని సుదర్శనానికి గుర్తొచ్చింది.

"నళినీ, ఏం చెయ్యబోతున్నావు?" అన్నాడు.

"పాముకి ఇస్తాను. డబ్బాలో ఒక్క ఎలుకపిల్లే ఉంటుంది, పొట్ట పగిలే ప్రమాదం లేదు. పాము తింటే ఉజ్వల తింటానంది."

"పాము కోసమా? నేను ఓ మనిషి కోసం ఇచ్చాను, అయినా రోజూ ఏడుస్తున్నాను. మా ఆవిడ ఇవాళేం వండమంటావని అడగడమే మానేసింది. ఇంట్లో అంతకంటే ఘోరం ఇంకోటి లేదు."

"నీకు పిల్లలుంటే తెలిసేది" అన్నాను. అనకూడని మాట. వాడు తన బల్ల వైపు తిరిగిపోయాడు.

*

ఆదివారం పదకొండు గంటలకి ల్యాబుకి వెళ్ళాను. సెలవు కదా, వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. పొద్దుటి నుంచి కావాలనే ఏమీ తినలేదు. దారిలో ఎవరింట్లోనో తాలింపు వేస్తుంటే నోట్లో నీళ్ళూరాయి. అదే నా చివరి ఆకలి అని నాకు తెలుసు. తెలిసే వెళ్ళాను.

పాము మెడకి కట్టడం కుదరదు కాబట్టి డబ్బా కింద ఒక పట్టీ జారవేశాను. తెర మీద ఏడు కనిపించింది. మూత తీశాను. అంకె సున్నాకి పడిపోయింది. పట్టీ సరిగ్గా కుదరలేదేమో అనుకున్నాను. ఎలుకపిల్ల అలాగే ఉంది, కాకపోతే అబ్బులు గారు అడ్డంగా పెట్టింది ఇప్పుడు తల జంతిక వైపు తిరిగి ఉంది. డబ్బా కదిలి ఉంటుందిలే అనుకున్నాను. నా కంటికి కనిపించింది ఒక్కటే, అది తినలేదు.

రెండో పట్టీ మెడకి బిగించుకున్నాను. నా అంకె యాభై ఎనిమిది. మీట నొక్కాను.

నొప్పేమీ లేదు. మెడ మీద కాస్త చురుక్కుమంది. కడుపులో కరకరలాడుతున్నది మెల్లగా సద్దుమణిగింది. తిని సద్దుమణిగినట్టు కాదు. రోజంతా మోగుతున్న ఫ్యాను ఆగిపోయినట్టు, అక్కడ ఇక ఏమీ లేదు. తెర మీద నా వైపు సున్నా వచ్చింది.

జంతిక తల ఎత్తింది. నాలుక రెండుసార్లు ఆడించి ఒక్క దూకు దూకింది. ఎలుకపిల్ల తల పట్టుకుని దవడ సాగదీస్తూ, ఎనిమిది నిమిషాల్లో మొత్తం లోపలికి లాక్కుంది. మెడ కింద గోలీ అంత ఉబ్బు మెల్లగా పొట్ట వైపు జారుతుంటే నేను గట్టిగా ఏడ్చేశాను. సంతోషమే. అప్పటికి అది సంతోషమే.

*

జంతికని దాని పెట్టెలో వేసి, డబ్బా, యంత్రం సంచీలో పెట్టుకుని ఇంటికి వచ్చాను. ఆ ఉబ్బు చూసి ఉజ్వల కళ్ళు ఇంతింత చేసుకుంది.

"తిన్నావా జంతికా" అని పెట్టెకి మొహం ఆనించింది. తర్వాత నా వైపు తిరిగి, "మాటంటే మాటే. పెట్టమ్మా" అంది.

రాజగోపాల్ అన్నం కలిపారు. ముద్దపప్పు, నెయ్యి, అప్పడం. నేను ఒక పక్క, ఆయన ఒక పక్క కూర్చుని దాని నోటి వంకే చూస్తున్నాం. మొదటి ముద్ద మింగింది. రెండోది నములుతూ నములుతూ ఉండిపోయి మింగింది. మూడోది లోపలికి వెళ్ళలేదు. మొత్తం నా ఒళ్ళో కక్కేసింది.

"కావాలని కాదమ్మా. నిజంగా కావాలని కాదు." వెక్కిళ్ళు పెడుతోంది. "దానికి ఆకలేసిందిగా. మరి నాకెందుకెయ్యట్లేదు?"

దాన్ని పడుకోబెట్టి, సాయంత్రం దాకా దాని పక్కనే కూర్చుని, అప్పుడు వంటింట్లోకి వచ్చి గోడకి ఆనుకున్నాను. చేసిన పని ఆయనకి చెప్పేశాను. ఆయన స్టౌ కట్టేసి నా వైపు తిరిగారు.

"అంటే ఇక నీది లేదు" అన్నారు. "నాది ఉంది. యంత్రం తెచ్చావా?"

"వద్దు. దాని పొట్ట పగిలిపోతుంది."

"ముద్ద ముద్దకీ నేను చెయ్యి పట్టుకుని ఆపుతాను. రేపు ఆ బల్ల మీద గుండె ఆగిపోవడం కన్నా నయమే కదా నళినీ."

అప్పుడే ఫోను మోగింది. అబ్బులు గారు.

"మేడంగారూ, డబ్బా లేదిక్కడ. మీరు గాని..."

"తింది అబ్బులు గారూ. నేనే యంత్రం పెట్టి తినిపించాను."

"మూత తీసేసరికి ఎలుకపిల్ల ఎలాగుందండీ? తల ఎటుంది?"

"పాము వైపు తిరిగి ఉంది."

"అయ్యో, అయితే అది మొదలెట్టేసినట్టేనండీ. ఇది తల కాడినించే మింగుద్ది, అందుకని ముందు తిప్పుకుంటాది. మీరు మూత తీసేసరికి బెదిరి వదిలేసుంటాది. ఇంకో గంట ఆగుంటే..." అక్కడ ఆపేశారు. మంచి మనిషి, మాట పూర్తి చెయ్యలేదు.

నేను ఫోను పెట్టేశాను. మూత తీయకముందు ఏడు. తీయగానే సున్నా. పట్టీ కుదరక కాదు. నన్ను చూసి.

"ఏమైంది?" అన్నారు రాజగోపాల్.

నేను యంత్రం తీసుకుని ఉజ్వల గదిలోకి వెళ్ళాను. దాని మెడకి పట్టీ పెట్టాను. తెర మీద సున్నా. ఆయన గుమ్మంలో నిలబడి, "చూశావుగా, ఇంకెందుకు ఆలోచన" అన్నారు. యంత్రం మంచం పక్కనే వదిలేసి, తెర మాత్రం చేత్తో పట్టుకుని, ఆయన్ని కూడా లాక్కుని బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను.

సున్నా. సున్నా. రెండు నిమిషాలు అలాగే ఉంది. తర్వాత మూడు. ఆరు. తొమ్మిది.

ఆయన నోరు తెరిచి ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాను. తలుపు కొంచెం తెరిచి లోపలికి తొంగిచూశాను. "ఏంటమ్మా?" అంది ఉజ్వల. నా చేతిలో అంకె మళ్ళీ సున్నా. బయటికి వచ్చాను. ఈసారి పదకొండు దాకా పోయింది. ఆయన్ని పంపాను. సున్నా.

ఉంది. నా బిడ్డకి ఆకలి ఉంది. జ్వరం పట్టుకుపోయినా మళ్ళీ ఎప్పుడో మొలకెత్తింది, మేమే దాన్ని తల ఎత్తనివ్వలేదు. పొద్దున్నే తూకం. పూటపూటా ఇద్దరం చెరో పక్క కూర్చుని నోటి వంక చూపులు. గొట్టాలు, బతిమాలడాలు, కసుర్లు, దిష్టి పొగలు. ఎవరు చూసినా తిన్నావా, తినవే, ఇంకొక్క ముద్ద. ఏడు నెలలుగా నేను దాని మూత తీస్తూనే ఉన్నాను. చెంప మీద కొట్టుకోవాలనిపించింది, కొట్టుకున్నాను కూడా. రాజగోపాల్ నా చెయ్యి పట్టుకున్నారు.

చిన్న గిన్నెలో పెరుగన్నం కలిపి, ఒక ఆవకాయ ముక్క వేసి పట్టుకెళ్ళాను. పట్టీ తీసేశాను. కిటికీ తెర దించాను. గిన్నె బల్ల మీద పెట్టాను కానీ తినమనలేదు. ఆ మాట గొంతు దాకా వచ్చింది, మింగేశాను.

"ఇక్కడ పెడుతున్నాను. తిన్నా సరే, తినకపోయినా సరే. మేము రాము, అడగము."

"నిజంగా అడగరా?"

"అడగం."

తలుపు వేసి, యంత్రం కట్టేశాను. ఎదురుగా అంకె కనిపించే తెర ఉంటే చూడకుండా ఉండడం నాలాంటిదానికి చచ్చేంత కష్టం. హాల్లో సోఫాలో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. పావుగంట. అరగంట. రాజగోపాల్ రెండుసార్లు లేవబోతే చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను. లోపల ఏదో చప్పుడైంది. చెంచాయో, కుర్చీయో. పడిపోయిందేమో అనుకున్నాను. వెళ్ళి చూద్దామని ఒళ్ళంతా లాగింది. ఆయన ఈసారి నన్ను పట్టుకున్నారు. గోడ గడియారంలో ఆరైంది. ఆరుంపావు అయింది.

తలుపు తెరుచుకుంది.

ఉజ్వల గిన్నె పట్టుకుని నిలబడింది. అడుగున ఆవకాయ పిసరు, గిన్నె అంచున రెండు మెతుకులు. మూతికి పెరుగు.

"అమ్మా, ఇంకొంచెం ఉందా?"

రాజగోపాల్ మొహం అటు తిప్పుకుని వంటింట్లోకి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయారు. గిన్నె నిండా తెచ్చి ఇస్తే, ఉజ్వల తీసుకుంటూ నా వైపు చూసింది.

"నువ్వు పొద్దున్నించి ఏం తినలేదుగా?"

"నాకు ఆకలిగా లేదు తల్లీ."

ఇంట్లో అన్నం సరిపోనప్పుడు అమ్మలందరూ చెప్పే మాటే అది. నేను అబద్ధం ఆడలేదు. ఉజ్వల నన్ను అలాగే చూసింది. నా మెడ మీద పట్టీ ఒరిసిన ఎర్రటి గీత చూసింది. ఆ గీత దానికి కొత్తేం కాదు, ఐదుసార్లు తన మెడ మీద పడిందే. తర్వాత పెట్టెలో పొట్ట ఉబ్బిన జంతికని చూసింది. నా చెయ్యి పట్టుకుని తన గదిలోకి తీసుకెళ్ళి, తన కుర్చీలో కూర్చోబెట్టి, ఆ నిండు గిన్నె నా ఒళ్ళో పెట్టింది.

"నేనూ నాన్నా చూడంలే. అడగంలే" అంది. "నీకు ఎప్పుడు తినాలనిపిస్తే అప్పుడే తిను."

తలుపు మెల్లగా వేసేసింది.

నాకు తినాలనిపించలేదు. ఇక అనిపించదు. కానీ తలుపు అవతల ఇద్దరూ చప్పుడు చెయ్యకుండా కూర్చున్నారని తెలుసు. ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాను.